బయోఇన్ఫర్మాటిక్స్‌లో పరిశోధన: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్‌లో ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ నడుస్తుంటే హాస్టల్ గదుల్లో మూడు మాటలే తిరుగుతుంటాయి. నెట్ పరీక్ష కొట్టి జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్‌తో ఇక్కడే పీహెచ్‌డీ, ఎలాగోలా జర్మనీ, లేదంటే అమీర్‌పేటలో కోర్సు చేసి ఏదో ఒక ఉద్యోగం. మూడింటిలో ఏది పట్టుకున్నా, రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు చేయబోయే పని ఏమిటో దాని పేరు చెప్పదు. ఊరు, దేశం, జీతం తర్వాతి సంగతి. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మీకు ఏ రకం పని పట్టుబడుతుంది? ఆ పనికి కావాల్సిన డేటా ఎవరి చేతిలో ఉంటుంది?

ముందు రెండు వారాల పరీక్ష

ఈ రంగంలో మూడు రకాల పనివాళ్లు ఉంటారు. జీవశాస్త్ర ప్రశ్న పట్టుకుని దాని వెంట పడేవారు ఒకరు. లెక్క కట్టే పద్ధతులను, అల్గారిథమ్‌లను తయారుచేసేవారు మరొకరు. పదిమంది డేటా ఆగకుండా నడిచేలా పైప్‌లైన్లు (దశలన్నీ వరసగా నడిపే ప్రోగ్రాములు), డేటాబేసులు కట్టేవారు మూడో రకం. తాము ఎవరో చాలామందికి పీహెచ్‌డీ మూడో ఏడు దాకా తెలియదు. తెలుసుకోవడానికి రెండు వారాలు చాలు.

మీకు ఆసక్తి ఉన్న జబ్బు మీదో, మొక్క మీదో వచ్చిన ఒక ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) పేపర్ తీసుకోండి. జీఈఓ అనే బహిరంగ డేటా భాండాగారంలో డేటా పెట్టి ఉండాలి, ఒక్కో వర్గానికి కనీసం 3 శాంపిళ్లు ఉండాలి. ఆరు శాంపిళ్ల ఫైళ్లు యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్ నుంచి నేరుగా దించుకోండి. డిస్కులో 100 జీబీ ఖాళీ చూసుకోండి. మనిషి జీనోమ్‌తో స్టార్ అనే అలైనర్ (చదివిన ముక్కలు జీనోమ్‌లో ఎక్కడివో చూసే టూల్) నడపాలంటే 30 జీబీ పైగా ర్యామ్ అడుగుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చతికిలబడుతుంది. అందుకని సామన్ అనే తేలికైన టూల్ వాడండి. 16 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు. ఫాస్ట్‌క్యూసీతో నాణ్యత చూడడం, సామన్‌తో లెక్కించడం, టీఎక్స్‌ఇంపోర్ట్‌తో గణాంకాల భాష ఆర్‌లోకి తేవడం, డీసెక్2తో తేడాలు పట్టడం. పని ఇంతే. ఆ తర్వాత పేపర్‌లో వాళ్లు ఇచ్చిన జీన్ల జాబితాతో మీ జాబితాను పక్కపక్కన పెట్టి చూడండి.

సరిపోదు. మొదటిసారి ఎవరికీ సరిపోదు. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు చెబుతాం. శాంపిళ్ల పట్టికలో రోగుల వర్గానికి ‘కేస్’, ఆరోగ్యవంతుల వర్గానికి ‘కంట్రోల్’ అని ఇంగ్లిష్‌లో రాస్తారు. ఆర్ మనం చెప్పకపోతే అక్షర క్రమంలో ముందొచ్చేదాన్ని పోలికకు ఆధారంగా తీసుకుంటుంది. ‘కేస్’ స్పెల్లింగ్‌లో రెండో అక్షరం ‘ఎ’, ‘కంట్రోల్’లో ‘ఓ’. కాబట్టి రోగులే ఆధారం అయి కూర్చుంటారు. పెరిగిన జీన్లన్నీ తగ్గినట్టు, తగ్గినవన్నీ పెరిగినట్టు వస్తాయి. ఎర్రర్ ఏదీ రాదు. పి-విలువలు అచ్చం అలాగే ఉంటాయి, గుర్తులు మాత్రం తిరగబడతాయి. రీలెవెల్ అనే ఒక్క లైను రాస్తే తీరిపోయే సంగతి ఇది.

రెండోది శాంపిళ్ల తారుమారు. మనిషి డేటా అయితే ఎక్స్‌ఐఎస్‌టీ అనే జీన్ ఆడవారిలో బాగా కనిపిస్తుంది. వై క్రోమోజోమ్ మీది ఆర్‌పీఎస్4వై1 మగవారిలోనే ఉంటుంది. ఈ రెంటినీ గీసి, పట్టికలో రాసిన లింగంతో పోల్చండి. సరిపడకపోతే ఎక్కడో ట్యూబు మారింది, లేదా పేరు మారింది. మూడోది ఎక్సెల్. జీన్ల జాబితాను అందులో తెరిస్తే ‘సెప్ట్2’ కాస్తా సెప్టెంబర్ 2 అయిపోతుంది. ఈ బాధ పడలేకే 2020లో జీన్లకు పేర్లు పెట్టే కమిటీ వాటి పేర్లనే మార్చేసింది. పాత జాబితాల్లో మాత్రం ఆ తేదీలు ఇంకా పడి ఉన్నాయి.

ఈ రెండు వారాల్లో మీ మనసు ఎటు లాగిందో గమనించుకోండి. ‘ఈ జీన్ ఎందుకు పెరిగింది’ అని రాత్రి పేపర్లు వెతికితే మీది మొదటి రకం. ‘ఈ టూల్ ఇలా ఎందుకు ఊహించుకుంటోంది’ అని దాని వెనక లెక్క చదివితే రెండోది. ఇంకోసారి ఇంత తిప్పలు పడకూడదని అంతా ఒక్క కమాండ్‌తో నడిచేలా స్నేక్‌మేక్‌లోనో నెక్స్ట్‌ఫ్లోలోనో రాసి పెట్టుకుంటే మూడోది. అసలు విసుగొచ్చి వదిలేశారా? అదీ జవాబే, అయిదేళ్లు మిగిలాయి.

కంప్యూటేషనల్ ల్యాబా, వెట్ ల్యాబ్‌లో ఒక్కరేనా?

ఎంపికలో అసలు మెలిక దేశాల మధ్య కంటే ఇక్కడే ఉంది. దీని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు.

కంప్యూటేషనల్ ల్యాబ్‌లో పక్క కుర్చీలో ఉన్నవాడు కూడా కోడ్ రాస్తాడు. మీ తప్పు గంటలో పట్టేస్తాడు. సర్వర్ ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి ఉంటాడు. లోటు ఏమిటంటే డేటా ఎక్కువగా బయటిది. మీరు దించుకున్న డేటానే ప్రపంచంలో ఇంకో ఇరవై ల్యాబులు దించుకుని ఉంటాయి. పద్ధతిలోనో, ప్రశ్నలోనో కొత్తదనం లేకపోతే మీ కంటే ముందే ఎవరో రాసేస్తారు.

ప్రయోగాలు చేసే వెట్ ల్యాబ్‌లో మీరొక్కరే కంప్యూటర్ మనిషి అనుకోండి. డేటా తాజాది, ఇంకెవరి దగ్గరా లేనిది. మీ ఊహ నిజమో కాదో పక్క బల్ల మీదే ప్రయోగం చేసి చూడొచ్చు. ఇది చిన్న అదృష్టం కాదు. కానీ ఆ ల్యాబ్‌లో అయిదుగురు ప్రయోగాలు చేస్తుంటే అయిదుగురి డేటా మీ దగ్గరికే వస్తుంది. ‘ఒక్క హీట్‌మ్యాప్ గీసివ్వవా’ అన్న మాటతో మొదలై, నాలుగో ఏడు వచ్చేసరికి ఏడు పేపర్లలో మధ్య పేరుగా ఉంటారు, మీదంటూ ఒక్క పేపరూ ఉండదు. కోడ్ తప్పు చూపించేవారు కూడా ఉండరు, కాబట్టి తప్పులు అచ్చయిపోయే దాకా వెళతాయి.

తేడా పట్టడానికి ఒక గుర్తు ఉంది: ఆ గైడ్ మిమ్మల్ని ప్రయోగానికి ముందు పిలుస్తారా, డేటా వచ్చాక పిలుస్తారా? రోగుల శాంపిళ్లు జనవరిలో ఒక కిట్‌తో, ఆరోగ్యవంతులవి జూన్‌లో ఇంకో కిట్‌తో సీక్వెన్స్ చేయించి తెచ్చి ముందు పెడితే, కనిపించే తేడా జబ్బుదా, కిట్‌దా అని ఏ గణాంకం చెప్పలేదు. బ్యాచ్ (ఒక విడతలో కలిపి సీక్వెన్స్ చేసినవి) తేడాలను సరిదిద్దే టూల్ వాడితే జబ్బు తేడా కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ముందే అడిగి ఉంటే, ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరినీ కలిపి పంపండి అని ఒక్క మాటలో చెప్పేవారు. ఆ మాట చెప్పే చోటు మీకు ఇస్తున్నారా అన్నదే చూడాలి.

చేరే ముందు శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైట్‌లో ఆ గైడ్ కింద వచ్చిన థీసిస్‌లు తీసి చూడండి. డేటా విశ్లేషణ చేసినవారికి సొంత అధ్యాయాలు ఉన్నాయా, మొదటి పేరుతో పేపర్లు ఉన్నాయా, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? మా సలహా ఏమిటంటే, ఒక గైడ్ ప్రయోగాల వైపు, కో-గైడ్ లెక్కల వైపు ఉండేలా మొదటి ఏడే కాగితం మీద రాయించుకోగలిగితే ఈ రెండు రకాల ల్యాబుల మంచీ దొరుకుతుంది. నోటి మాట మీద ఉంచితే మూడో ఏటికి ఎవరికీ గుర్తుండదు.

ఒక పక్క మాట. ప్రొటీన్ మోడలింగ్, ఆ తర్వాత ఏవో మొక్కల రసాయనాలతో డాకింగ్ (రసాయనం ప్రొటీన్‌కు ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో అంచనా), చివర ‘మంచి బైండింగ్ ఎనర్జీ వచ్చింది’ అనే ముగింపు. మన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టులు ఇప్పటికీ ఇలాగే గుట్టలుగా వస్తున్నాయి. ఆల్ఫాఫోల్డ్ 2 అనే ఏఐ ప్రోగ్రాం వచ్చి 2020లోనే నిర్మాణాల ఊహను మార్చేసింది. 2024 రసాయనశాస్త్ర నోబెల్ డేవిడ్ బేకర్, డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది కూడా ప్రొటీన్ల డిజైన్‌కు, నిర్మాణాల అంచనాకే. ప్రయోగంతో సరిచూడని డాకింగ్ స్కోరు మీద అయిదేళ్ల థీసిస్ కట్టమని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి.

ఇక్కడే ఉంటే

హైదరాబాద్‌లోనే నాలుగు భిన్నమైన వాతావరణాలు ఉన్నాయి. హబ్సిగూడలోని సీసీఎంబీ, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ ప్రధానంగా ప్రయోగశాలలు. మనుషుల జన్యు డేటా, జబ్బుల డేటా అక్కడ పుడుతుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ సహజశాస్త్రాలు, బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం లెక్కల వైపు మొగ్గిన చోటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సిస్టమ్స్, కంప్యూటేషనల్ బయాలజీ విభాగం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. దక్షిణాదిలో ఇంకా చూడాలంటే బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్. గణితం బలంగా ఉన్నవారికి చెన్నైలో గణితశాస్త్ర సంస్థ ఐఎంఎస్‌సీ.

ఇక్కడ ఉండడంలో లాభం డేటాయే. దక్షిణాసియా జనాభాలో గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జీన్‌లో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన రూపం సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లో తేలింది. ఆ పనిలో సీసీఎంబీ ముందుంది. 2017లో సీసీఎంబీ, హార్వర్డ్ మెడికల్ స్కూల్ కలిసి చేసిన అధ్యయనం మరీ మనకు దగ్గరిది. తరతరాలు లోపల్లోపలే పెళ్లిళ్లు జరిగిన సముదాయాల్లో కొన్ని అరుదైన మార్పులు ఎలా పోగుపడతాయో అది చూపింది. అందులో వచ్చే ఉదాహరణ మన వైశ్యులది. వారిలో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావారికంటే చాలా ఎక్కువ. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ లాంటి మందు ఆ లోపం ఉన్నవారిలో త్వరగా విరగదు, ఊపిరి తిరిగి అందుకోవడం ఆలస్యమవుతుంది. ఇలాంటి ప్రశ్న బోస్టన్‌లో కూర్చున్న విద్యార్థికి సులభంగా తట్టదు, తట్టినా శాంపిళ్లు దొరకవు. మీకు ఆ కులాల పేర్లు, మేనరికాల లెక్కలు, ఏ ఊళ్లో ఎవరిని అడగాలో చిన్నప్పటి నుంచీ తెలుసు.

జీనోమ్ ఇండియా ప్రభుత్వ ప్రాజెక్టు కింద సుమారు 10 వేల మంది పూర్తి జీనోమ్ డేటాను 2025 జనవరిలో అందుబాటులోకి తెచ్చారు. అది ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది. ప్రతిపాదన రాసి అనుమతి తీసుకోవాలి. చేరాలనుకున్న ల్యాబ్‌కు ఆ అనుమతి ఉందా అని అడగడం మంచి ప్రశ్న.

డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్, యూజీసీ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక దాని తర్వాతి మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. ఇంటి అద్దె భత్యం నగరాన్ని బట్టి విడిగా వస్తుంది. మొత్తం అయిదేళ్లు. ప్రధానమంత్రి ఫెలోషిప్ పీఎంఆర్‌ఎఫ్ 70,000తో మొదలై 80,000 దాకా వెళుతుంది, కానీ అది కొద్దిమందికే. ఫెలోషిప్ ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుందని లెక్కలు వేసుకోకండి. నెలలు ఆగి ఒకేసారి బకాయిలతో పడడం మామూలే. మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి. అయిదేళ్లలో ఎంతమందికి అవుతుందనేది ల్యాబ్‌ను బట్టి మారుతుంది. ఆరో ఏడు ఫెలోషిప్ లేకుండా గడిపినవారు ఆ ల్యాబ్‌లో ఉన్నారా అని కూడా కనుక్కోండి.

పరీక్షల్లో సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ 200 మార్కులకు. భాగం-ఎలో 15 ప్రశ్నలు, భాగం-బిలో 35 రాస్తే చాలు, భాగం-సిలో 75 ఇచ్చి 25 రాయమంటారు, ఒక్కోటి 4 మార్కులు. బయోఇన్ఫర్మాటిక్స్ చదివినవారు దెబ్బతినేది ఆ సి దగ్గరే. మొక్కల శరీరధర్మం, పర్యావరణం, పరిణామం నుంచి లోతుగా అడుగుతారు. అన్నీ చదవడం కంటే మూడు నాలుగు యూనిట్లు గట్టిగా పట్టి, మిగతావి ముట్టుకోకపోవడం నయం. తప్పుకు పావు వంతు పోతుంది. బీటెక్ వాళ్లకు గేట్ సుఖం. కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చేవారు 2024లో మొదలైన డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా చూడొచ్చు, కాకపోతే ఏ సంస్థ ఏ పేపర్‌ను ఒప్పుకుంటుందో ప్రకటన చదివాకే ఫీజు కట్టండి.

బయటికి వెళ్తే

జర్మనీలో పీహెచ్‌డీ అంటే ఉద్యోగం. టీవీ-ఎల్ ఈ13 అనే ప్రభుత్వ జీతాల స్కేలులో చాలా ల్యాబులు 65 శాతం ఇస్తాయి. అంటే కోతలకు ముందు నెలకు సుమారు 3,000 యూరోలు, పన్ను, బీమా పోగా చేతికి 2,000 దరిదాపుల్లో. ఎమ్మెస్సీ ఉండాలి, మూడేళ్ల బీఎస్సీతో నేరుగా కుదరదు. కోర్సులు తక్కువ, మొదటి వారం నుంచే పని. మూడు, నాలుగేళ్లలో అయిపోతుంది. మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థల ఐఎంపీఆర్‌ఎస్ పీహెచ్‌డీ కార్యక్రమాలు, హైడెల్‌బర్గ్‌లోని యూరప్ అణుజీవశాస్త్ర ప్రయోగశాల ఎంబుల్ (ఈఎంబీఎల్) పేరున్న చోట్లు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర హింక్స్‌టన్‌లో ఉన్న ఎంబుల్-ఈబీఐ మూడో రకం పనివాళ్లకు, అంటే డేటాబేసులు కట్టేవారికి, పుట్టిల్లు లాంటిది.

అమెరికాలో అయిదారేళ్లు. ఎమ్మెస్సీ తప్పనిసరి కాదు. మొదటి ఏడు క్లాసులు, రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున రొటేషన్, ఆ తర్వాతే గైడ్ ఎంపిక. ఈ రొటేషన్ పద్ధతి చాలా విలువైనది. పైన చెప్పిన వెట్ ల్యాబ్ మెలిక అక్కడ చేరకముందే కళ్లారా చూడొచ్చు. జీఆర్‌ఈ చాలా చోట్ల ఎత్తేశారు. దరఖాస్తు ఫీజే ఒక్కోదానికి 75 నుంచి 125 డాలర్లు. ఎనిమిది పెడితే ఇంట్లో అడగాల్సిన మొత్తమే అవుతుంది, అందుకని ఫీజు మినహాయింపు అడగడానికి మొహమాటపడకండి. 2025లో అక్కడ వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ నిధుల గందరగోళంతో కొన్ని విశ్వవిద్యాలయాలు బయోమెడికల్ పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. కాబట్టి ఒక్క అమెరికానే నమ్ముకోవడం ప్రస్తుతం మంచిది కాదు.

రెండు చోట్లా దరఖాస్తును నిలబెట్టేది సిఫారసు ఉత్తరాలు. ‘విద్యార్థి క్రమశిక్షణ గలవాడు, హాజరు బాగుంది’ అనే ఉత్తరం ఎందుకూ పనికిరాదు. ‘ఫలానా డేటాలో ఫలానా తప్పు తనే పట్టుకున్నాడు’ అని రాయగల మనిషి కావాలి. అలాంటి మనిషి తరగతి గదిలో దొరకరు, ఆర్నెల్లయినా కలిసి పనిచేస్తేనే దొరుకుతారు. ఇక గైడ్‌లకు రాసే మెయిల్. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలై, కాలేజీలో గెలిచిన బహుమతులన్నీ చెప్పే నాలుగు పేరాలు చెత్తబుట్టలోకే. వాళ్ల ఫలానా పేపర్‌లోని ఫలానా బొమ్మను తిరిగి గీశాను, ఇక్కడ తేడా వచ్చింది, కోడ్ ఇదిగో అని గిట్‌హబ్ లింకుతో ఆరు లైన్లు రాస్తే జవాబు వచ్చే అవకాశం ఉంది. రెండు వారాల పరీక్ష ఇక్కడ రెండోసారి అక్కరకొస్తుంది.

ప్రాజెక్ట్ అసోసియేట్

ఆ ఉత్తరం రాసే మనిషిని సంపాదించుకోవడానికి ఏడాది పాటు ఒక ల్యాబ్ ప్రాజెక్టులో జీతం మీద ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరడం తెలివైన పని. నెట్ గానీ గేట్ గానీ ఉంటే జీతం ఎక్కువ. ప్రాజెక్టు ముగింపు తేదీ ముందే అడగండి, ఆర్నెల్లలో ముగిసే ప్రాజెక్టులో చేరితే నేర్చుకునేలోపే బయట ఉంటారు. రెండో ఏడు పొడిగించినా ఫరవాలేదు. ‘పీహెచ్‌డీ సీటు వచ్చే బ్యాచ్‌లో చూద్దాం’ అంటూ మూడోసారి పొడిగించమన్నారంటే అది మర్యాదగా కాదనడమే అనుకుని దరఖాస్తులు పెట్టుకోండి.

ఉద్యోగం వైపు

పరిశ్రమలో బయోఇన్ఫర్మాటిక్స్ పేరుతో నాలుగు వేర్వేరు పనులు అమ్ముడవుతాయి. జన్యు పరీక్షల కంపెనీల్లో వేరియంట్ విశ్లేషణ: రోగి జీనోమ్‌లోని మార్పును 2015 నాటి ఏసీఎంజీ (అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంస్థ) మార్గదర్శకాల ప్రకారం, హానికరం నుంచి నిరపాయం దాకా, అయిదు తరగతుల్లో ఒకదానిలో పెట్టాలి. బయాలజీ బలం ఉన్నవారికి ఇది మంచి చోటు, డాక్టర్లతో నేరుగా పని. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు జీనోమ్ కూర్పుల (ప్రామాణిక జీనోమ్ వెర్షన్ల) కలగాపులగం. జీఆర్‌సీహెచ్37లో ఉన్న స్థానాన్ని 38 అనుకుని చూస్తే అది జీనోమ్‌లో వేరే చోటవుతుంది. జీనోమ్‌లో స్థానాలు రాసే బెడ్ ఫైళ్లు సున్నా నుంచి, మార్పులు రాసే వీసీఎఫ్ ఫైళ్లు ఒకటి నుంచి లెక్కిస్తాయి. ఒక్క స్థానం జరిగితే రిపోర్టే తారుమారు. రెండోది పైప్‌లైన్ ఇంజినీరింగ్. ఒక్క మనిషి జీనోమ్‌ను 30 రెట్ల లోతులో చదివితే ముడి ఫైలు, అలైన్ చేసిన ఫైలు కలిపి 100 జీబీ దాటిపోతుంది. వెయ్యి మందికి క్లౌడ్ ఖర్చు తగ్గించగలిగినవారికి మంచి జీతాలు.

మూడోది హైదరాబాద్‌లో పెరుగుతున్న ఫార్మా గ్లోబల్ కేంద్రాలు: నొవార్టిస్, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ఆమ్‌జెన్ లాంటివి. వీటిలో డేటా సైన్స్ పని ఉంది, కానీ ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించే కుర్చీ ఇక్కడ ఉందా, బోస్టన్‌లోనో బాసెల్‌లోనో ఉందా అన్నది టీమ్‌ను బట్టి మారుతుంది. ఇంటర్వ్యూలో అదే అడగండి. సైంటిస్ట్ హోదాకు చాలా చోట్ల పీహెచ్‌డీ కావాలంటారు.

నాలుగోది క్లినికల్ సాస్, అంటే సాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌తో చేసే పని. అమీర్‌పేట బోర్డుల మీద బయోఇన్ఫర్మాటిక్స్ పక్కనే రాసి ఉంటుంది, రెంటికీ చుట్టరికం తక్కువ. మందుల ట్రయల్స్ డేటాను ఎస్‌డీటీఎం, ఆడమ్ అనే నిర్ణీత రూపాల్లోకి మార్చి, నియంత్రణ సంస్థలకు పంపే పట్టికలు తయారుచేయడం ఇందులో పని. నికరమైన ఉద్యోగం, ఇల్లు గడుస్తుంది, తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయితే రెండేళ్లు అది చేసి జీనోమిక్స్ పీహెచ్‌డీకి దరఖాస్తు పెడితే ఆ అనుభవాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోరు. ఇంటి బాధ్యతల వల్ల ఇప్పుడే జీతం కావాలంటే, వేరియంట్ విశ్లేషణ వైపు ప్రయత్నించండి. జీతం మొదట్లో కాస్త తక్కువైనా, తిరిగి పరిశోధనలోకి వచ్చే తలుపు తెరిచి ఉంటుంది.

తేదీలు

అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబర్ మొదటి పక్షంలో, ఐఎంపీఆర్‌ఎస్‌లలో చాలావి శరత్కాలంలో. గేట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబర్‌లలో, పరీక్ష ఫిబ్రవరిలో. నెట్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు. అందుకని ఎమ్మెస్సీ రెండో ఏడు జూన్ కల్లా రెండు వారాల పరీక్ష ముగించి, జులైలో ల్యాబుల జాబితా రాసుకుంటే అన్నిటికీ వేళ దొరుకుతుంది.

జాబితాలోని ప్రతి ల్యాబ్‌లోనూ ఇప్పుడు ఉన్నవారితో కాదు, ఏడాది కిందట బయటికి వచ్చినవారితో మాట్లాడండి. ఉన్నవారు గైడ్ వినేలా మాట్లాడతారు. ఫోన్‌లోనే, మెయిల్‌లో వద్దు. మూడు అడగండి: మొదటి పేపర్ ఎన్నో ఏట వచ్చింది, సర్వర్ పడిపోతే ఎవరు లేపేవారు, మధ్యలో వదిలేసి వెళ్లినవారు ఎంతమంది. మూడోదానికి జవాబు చెప్పే ముందు అవతలి మనిషి ఎంతసేపు ఆగారో అదీ రాసుకోండి.